పిలవని వాళ్ళు

1998లో సింగపూరు నుంచి సెలవుకు వచ్చిన మా బావమరిది మావాడికి ఒక ఆటవస్తువు తెచ్చాడు. కోడిగుడ్డు ఆకారం, మధ్యలో చిన్న తెర, దాని కింద మూడు మీటలు. పేరు తమగోచీ. బందాయ్ కంపెనీ 1996 నవంబరులో జపానులో దీన్ని విడుదల చేసింది. మరుసటి ఏడు బయటి దేశాలకు పాకింది. జపాను భాషలో ‘తమగో’ అంటే గుడ్డు. దానికి ఇంగ్లీషు ‘వాచ్’ను అతికించి ఆ పేరు పెట్టారు.

గడియారం సరిచేసిన కాసేపటికి తెరమీది గుడ్డు పగిలి పిల్ల బయటికొస్తుంది. ఇక మన చాకిరీ మొదలు. తిండి పెట్టాలి, ఆడించాలి, దొడ్డికిపోతే శుభ్రం చేయాలి, జబ్బుచేస్తే సూది వేయాలి, నిద్రపోతే దీపం ఆర్పాలి. ఆకలి తెలిపే గుండె గుర్తులు నాలుగూ ఖాళీ అయితే కీచుమని పిలుస్తుంది. ఒక్కోసారి ఏ అవసరమూ లేకుండానే పిలుస్తుంది. అప్పుడు మందలించడానికి వేరే గుర్తు ఉంది. పట్టించుకోకపోతే చచ్చిపోతుంది.

1997లో దీని సృష్టికర్తలు అకిహిరో యొకోయి, అకి మైతాలకు అర్థశాస్త్రంలో ఇగ్ నోబెల్ అనే పరిహాస బహుమతి ఇచ్చారు. లక్షలకొద్దీ పనిగంటలను ఈ ఉత్తుత్తి పెంపకంలోకి మళ్ళించినందుకట! ఆ లెక్కలో తర్వాత నా గంటలూ కలిశాయి.

బడికి తీసుకురావద్దన్నారని మావాడు దాన్ని నా చేతిలో పెట్టి, “నాయనా, సాయంత్రందాకా చూసుకో, చచ్చిపోతుంది” అని బతిమాలి పోయేవాడు. హోసూరులో మాది ఇంటి ముందుగదిలోనే చిల్లర అంగడి. బేరం మధ్యలో అది కీచుమంటే, పప్పు తూచేవాణ్ణి తూచినట్టే వదిలి మీట నొక్కేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు.

ఆ రోజు మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. తొంటి ఎముక విరిగిన మా అమ్మ వెనకగదిలో మంచంలో ఉంది. మధ్యాహ్నం దాటాక పాత కాగితాల కట్టకోసం ఆ గదిలోకి వెళ్ళాను. చెంబు ఖాళీ. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పక్కబట్ట తడిసి ఉంది.

“ఎందుకమ్మా పిలవలేదు?” అన్నాను.

“అంగట్లో జనం ఉండారు కదప్పా. నువ్వు పనిలో ఉంటివి.”

నా జేబులోంచి ఆ గుడ్డు మళ్ళీ కీచుమంది. పొద్దుటినుంచి దానికి నాలుగుసార్లు అన్నం పెట్టాను.

మర్నాడు పూజగదిలోని గంట తెచ్చి ఆమె చేతికందేట్టు మంచానికి కట్టాను. 2001లో ఆమె పోయేదాకా అది ఒక్కసారీ మోగలేదు. మోగదని తెలిసి, గడియారం చూసుకుని నేనే లోపలికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. గుడ్డులోని పిల్ల వారం తిరగకముందే చచ్చిపోయింది. మావాడు ఏడ్చాడు. మీటలు నొక్కితే మళ్ళీ కొత్త గుడ్డు వచ్చింది.

ఇప్పుడు వాడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వారానికోసారి ఫోను చేస్తాడు. మోకాళ్ళ నొప్పి ఎక్కువైన రాత్రి నేనే చేద్దామని ఫోను చేతిలోకి తీసుకుంటాను. పాపం, పనిలో ఉంటాడు కదా అని మళ్ళీ పక్కన పెట్టేస్తాను.