పళ్ళ డాక్టరు చదువుకి సైన్యం కట్టిన ఫీజు

డెంటల్ సీటు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ డాలస్‌లో నన్ను కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే. మిలిటరీ స్కాలర్‌షిప్ తీసుకోవడం మంచిదా, అప్పు చేయడం మంచిదా? ముందు ఏ కాలేజీయో చెప్పమంటాను. ఎందుకంటే ఆ స్కాలర్‌షిప్‌కి తనదంటూ ఒక విలువ లేదు. మీరు కట్టాల్సిన ఫీజు ఎంతో దాని విలువ అంత. బదులుగా మీ పిల్లలు ఇచ్చేది మాత్రం ఏ కాలేజీ అయినా ఒకటే: నాలుగేళ్ళ సర్వీసు.

ఈ స్కాలర్‌షిప్‌ని ఇక్కడ హెచ్‌పీఎస్‌పీ అంటారు. 1972 నాటి చట్టంతో మొదలైంది. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ మూడూ ఇస్తాయి. అమెరికా పౌరసత్వం తప్పనిసరి. మన దగ్గర బీడీఎస్ చేసి ఇక్కడ అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సులో చేరే పిల్లలు ఎంతోమంది ఉన్నారు గానీ, వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ దారి లేదు.

2021లో మా అమ్మాయికి టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో సీటు రాలేదు. తూర్పు తీరంలో ఒక ప్రైవేటు కాలేజీలో వచ్చింది. ఫీజు, పనిముట్లు, ఇంటద్దె, తిండి అన్నీ కలిపి ఏడాదికి లక్షా 20 వేల డాలర్లు. అప్పట్లో ఏడాదికి 40 వేల పైచిలుకు మామూలు ఫెడరల్ రుణం దొరికేది, మిగతాదంతా గ్రాడ్ ప్లస్ అనే మరో ఫెడరల్ రుణం. ఆ గ్రాడ్ ప్లస్‌లో నాలుగు శాతానికి పైగా ముందే రుసుము కింద కోసుకుని ఇచ్చేవారు. వడ్డీ చదువుకునే రోజుల నుంచే ఎక్కుతుంది.

ఆ ఏడాది రేట్లు 5.28, 6.28 శాతం ఉన్నా, ముందు ముందు పెరుగుతాయని 7 శాతం వేసుకున్నాం. 2024-25కి గ్రాడ్ ప్లస్ 9.08 శాతానికి చేరింది కూడా. మా లెక్క ప్రకారం పట్టా చేతికొచ్చేనాటికి అప్పు ఐదున్నర లక్షల డాలర్లు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి 6400. మొత్తం కట్టేది ఏడున్నర లక్షలు దాటుతుంది. కొత్తగా క్లినిక్‌లో చేరిన డెంటిస్టుకి ఏడాదికి లక్షన్నర వస్తుందనుకున్నా, పన్నులు పోను చేతికొచ్చే దాంట్లో సగానికి పైగా కిస్తీకే పోతుంది.

తాడేపల్లిగూడెం నుంచి మా నాన్నగారు "పొలం అమ్మి పంపిస్తాను, అప్పు మాత్రం వద్దు" అన్నారు. ఆయన మాటకి నా కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ ఆ పొలం జోలికి వెళ్ళదలచుకోలేదు. ఆయన వయసులో ఆయనకి ఉన్న ధైర్యం అదొక్కటే. నా రిటైర్మెంట్ ఖాతా కూడా ముట్టుకోనని అప్పుడే తేల్చి చెప్పాను. పిల్లల చదువుకి అప్పు దొరుకుతుంది, మన వృద్ధాప్యానికి ఎవరూ అప్పివ్వరు.

ఇక రెండో దారి. సైన్యం ఫీజంతా నేరుగా కాలేజీకి కడుతుంది. నెలకి రెండు వేల డాలర్లకు పైగా స్టైపెండు ఇస్తుంది, చేరినప్పుడు 20 వేల బోనస్. స్టైపెండు మీద పన్ను ఉంది, ఫీజు మీద లేదు. పుస్తకాలకి, పనిముట్లకి కూడా డబ్బు తిరిగొస్తుంది గానీ ఒక మెలిక ఉంది. క్లాసులో అందరికీ కాలేజీ తప్పనిసరి చేసినవాటికే ఇస్తారు. మా అమ్మాయి కళ్ళకి పెట్టుకునే లూప్స్ అనే భూతద్దాల ఖరీదు వేలల్లో ఉంది. కాలేజీ జాబితాలో వాటి పేరు ఉందో లేదో ముందు చూసుకుని, రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుంది. ఆ ఊళ్ళో అద్దెలకి స్టైపెండు చాలలేదు, నెలనెలా మేం కొంత వేశాం.

చదువయ్యాక ఆర్మీలో కెప్టెన్ హోదా. మూల జీతం, ఇంటి అలవెన్సు, భోజన అలవెన్సు, డెంటల్ ఆఫీసర్ల ప్రత్యేక భత్యం కలిపితే ఏడాదికి లక్ష డాలర్లు దాటుతుంది. బయట సంపాదించగలిగే దానికంటే ఏటా 50 వేలు తక్కువ అనుకుంటే నాలుగేళ్ళకి రెండు లక్షలు వదులుకుంటున్నాం. తప్పే అప్పు ఐదున్నర లక్షలు. మా అమ్మాయి విషయంలో లెక్క ఎటు మొగ్గిందో వేరే చెప్పక్కర్లేదు. అదే సీటు డాలస్‌లోని ప్రభుత్వ కాలేజీలో వచ్చి, ఇంటి నుంచే వెళ్ళి రెండు లక్షల అప్పుతో బయటపడే పరిస్థితి ఉంటే? రెండు పక్కలా దాదాపు సమానం. అప్పుడు డబ్బు కోసం సైన్యంలో చేరడానికి కారణమే లేదు.

డబ్బు లెక్క తేలినా నేను సంతకం పెట్టనివ్వలేదు. "ఈ ఫీజంతా నేనే కట్టేస్తాననుకో, అప్పుడూ చేరతావా?" అని అడిగాను. ఎందుకంటే ఆ కాగితాల్లో రాసి ఉన్నది నాలుగేళ్ళు కాదు, మొత్తం ఎనిమిదేళ్ళ బాధ్యత. మిగతా కాలం రిజర్వులో పేరుంటుంది, అవసరమైతే పిలుస్తారు. ఏ ఊళ్ళో ఉండాలో వాళ్ళు చెబుతారు. మధ్యలో మానేస్తే ఖర్చు పెట్టిన డబ్బు వెనక్కి అడుగుతారు.

తను వెంటనే జవాబు చెప్పలేదు. ఆర్మీ డెంటల్ క్లినిక్‌లో పనిచేసే ఒక సీనియర్‌తో మాట్లాడి వచ్చింది. సైనికుల పళ్ళ స్థితిని నాలుగు తరగతులుగా విడదీస్తారట. మూడో తరగతి అంటే ఏడాదిలోపు అత్యవసర చికిత్స దాకా వచ్చే అవకాశం ఉన్న పళ్ళు. అలాంటివాళ్ళని సరిచేసేదాకా మోహరింపుకి పంపరు. "నాన్నా, పద్దెనిమిదేళ్ళ వయసులో చేరేవాళ్ళలో చిన్నప్పటి నుంచీ డెంటిస్టు ముఖం చూడనివాళ్ళు ఉంటారంట. ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందా, రోగి కట్టగలడా అని చూడకుండా పన్ను బాగుచేయొచ్చు. నాకు ఆ పని కావాలి" అంది. ఆ మాట విన్నాకే నాకు మనసు కుదుటపడింది.

బంధువుల్లో "ఆడపిల్లని మిలిటరీకా?" అన్నవాళ్ళు ఉన్నారు. మా అమ్మ మాత్రం అలా అనలేదు. మా ఊరికి దగ్గర్లోనే మిలిటరీ మాధవరం. ఇంటికొక సైనికుడున్న ఊరని పేరు. ఆ ఊరి ఆడవాళ్ళ ఎదురుచూపులు చూసిన మనిషి కాబట్టి, ఒక్కటే అడిగింది: "యుద్ధానికి పంపిస్తారా?" పంపవచ్చని నిజమే చెప్పాను.

ఇప్పుడు సీట్లు వస్తున్నవాళ్ళకి పరిస్థితి మాకంటే కష్టం. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవాళ్ళకి గ్రాడ్ ప్లస్ లేదు. డెంటల్ లాంటి కోర్సులకి ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు మించదు. ఖరీదైన కాలేజీల్లో మిగతాదానికి ప్రైవేటు బ్యాంకులే దిక్కు, అవి చాలాసార్లు తల్లిదండ్రుల సంతకం అడుగుతాయి. ఆ సంతకం మర్యాదకి పెట్టేది కాదు. పిల్లలు కట్టలేకపోతే అప్పు మీదే. పైగా, లాభాపేక్ష లేని ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తూ 120 కిస్తీలు కడితే మిగతాది మాఫీ అయ్యే వెసులుబాటు ఫెడరల్ రుణానికే ఉంది, ప్రైవేటు అప్పుకి లేదు. మీ పిల్లలకి సైన్యం మీద మనసు లేకపోతే బలవంతం చేయకండి, కానీ ఐదు లక్షల డాలర్ల కాలేజీకి కూడా పంపకండి. ఇంకో ఏడాది ఆగి సొంత రాష్ట్రంలో మళ్ళీ ప్రయత్నించమనండి.

మా అమ్మాయి 2025లో పట్టా తీసుకుంది. విద్యారుణం ఒక్క డాలరు లేదు. చిగుళ్ళ వైద్యంలో స్పెషలైజేషన్ చేయాలని ఉంది. సైన్యంలోనే చేస్తే చదువుకున్నన్నాళ్ళూ పూర్తి జీతం వస్తుంది, సర్వీసు మాత్రం మరికొన్నేళ్ళు పెరుగుతుంది. నాలుగేళ్ళయ్యాక బయటికొచ్చి చేస్తే స్వేచ్ఛ ఉంటుంది, అప్పుడు ఫీజూ బతుకుతెరువూ తనే చూసుకోవాలి. వాళ్ళమ్మ వచ్చేయమంటోంది. నేను ఉండమంటున్నాను. దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.