కొలెస్టరాల్ మాత్రలు: మళ్ళీ పరీక్ష ఎప్పుడు?

"మాత్రలు మొదలుపెట్టి పది రోజులైందండీ. ఇంకోసారి రక్తపరీక్ష చేయించమంటారా?" అని కొందరు అడుగుతారు. మరికొందరు మూడేళ్ళుగా మాత్రలు మింగుతూనే ఉంటారు గాని పరీక్ష మాట తలపెట్టరు. పాతికేళ్ళకు పైగా గవర్నమెంటు ఆస్పత్రి ఓ.పి.లో కూర్చుంటున్న నాకు ఈ రెండు రకాలవారూ తరచు తారసపడుతూనే ఉంటారు.

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి మందులను స్టాటిన్లు అంటారు. లివరు కొలెస్టరాల్ తయారుచేసే పనికి ఇవి అడ్డుపడతాయి. అప్పుడు లివరు తనకు కావలసినదాన్ని రక్తంలోంచి లాక్కుంటుంది. ఆ విధంగా రక్తంలో ఎల్.డి.ఎల్., అంటే చెడ్డ కొలెస్టరాల్, తగ్గుతుంది. ఈ గుణం పూర్తిగా తేలడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే పరీక్ష చేయించడం, ఎసరు మరగకముందే మెతుకు పట్టి చూడటం లాంటిది.

కాబట్టి మందు మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల లోపల ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు రమ్మని నేను చెబుతుంటాను. డోసు మార్చినా ఇదే లెక్క. ఆ తర్వాత మీ పరిస్థితినిబట్టి మూడు నెలలకో, ఆరు నెలలకో. అంతా నిలకడగా ఉంటే ఏడాదికొకసారి చాలు.

పరీక్షకు వెళ్ళేటప్పుడు మాత్ర మానకండి. మందు వాడుతుండగా ఎంత ఉందన్నదే మాకు కావాలి. చాలామందికి పరగడుపు కూడా అవసరం లేదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటినవారికి మాత్రం పరగడుపున మళ్ళీ చేయిస్తాం. పాత రిపోర్టు తప్పక వెంట తెచ్చుకోండి. మామూలు డోసుతో ఎల్.డి.ఎల్. 30 నుంచి 49 శాతం, పెద్ద డోసుతో 50 శాతం పైగా తగ్గాలి. ముందు ఎంత ఉండేదో తెలియకపోతే ఎంత తగ్గిందో ఎలా చెప్పగలం?

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్న రిటైర్డు మాష్టారొకరు మా దగ్గరికి వచ్చేవారు. మొదట ఆయన ఎల్.డి.ఎల్. 148. ఎనిమిది వారాలకు 66కు దిగింది. రిపోర్టు చూసుకుని ఆయన ఎంతో సంతోషించారు. ఇంటికి వెళ్ళి, "జబ్బు నయమైంది, ఇంకా మాత్రలెందుకు?" అని ఎవరికీ చెప్పకుండా మానేశారు. నాలుగు నెలలకు ఛాతీనొప్పితో అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకువచ్చారు. అది రెండో గుండెపోటు. ఎల్.డి.ఎల్. మళ్ళీ 140 దాటింది. ప్రాణం దక్కింది గాని, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

మంట తగ్గిస్తే పాలు పొంగవు. పొంగలేదు కదా అని మళ్ళీ మంట పెంచుతామా? 66 అన్న అంకె ఆయన శరీరానిది కాదు, మాత్రది. మాత్ర ఆపితే కొద్ది వారాలలోనే కొలెస్టరాల్ పాత చోటికి చేరుతుంది. అందుచేత రిపోర్టు బాగుందంటే "మందు పనిచేస్తోంది, కొనసాగించు" అని అర్థం; "ఇక చాలు" అని కాదు. గుండెపోటు వచ్చినవారికి ఎల్.డి.ఎల్. 70కి లోపల ఉండాలి. 55కి దించితే ఇంకా మేలని నేడు చాలామంది నిపుణుల అభిప్రాయం.

అనుకున్నంత తగ్గకపోతే మేము మొదట అడిగేది, "రోజూ వేసుకుంటున్నారా?" అని. నిజం చెప్పండి, కోప్పడం. థైరాయిడ్ మందగించినా కొలెస్టరాల్ తగ్గదు, అదీ చూస్తాం. ఆ తర్వాతే డోసు పెంచడమో, ఎజెటిమైబ్ వంటి మరో మాత్ర చేర్చడమో ఆలోచిస్తాం.

లివరు పరీక్ష మందుకు ముందు ఒకసారి చేయిస్తాం. ఏ బాధా లేనివారికి మాటిమాటికీ అక్కరలేదు. కాని ఒళ్ళంతా కండరాల నొప్పులు, నీరసం, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే గడువు దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. గర్భం ధరించినా, ధరించాలనుకున్నా ముందే చెప్పండి.

ఈ రోజే మీ మందుల చీటీ తీసి, మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారో చూడండి. అక్కడినుంచి ఎనిమిది వారాలు లెక్కపెట్టి గోడమీది కేలెండర్లో గుర్తుపెట్టుకోండి. రిపోర్టు వచ్చాక ఆ అంకె ఎంతైనా సరే, డాక్టరుతో మాట్లాడేదాకా మాత్ర మాత్రం మానకండి.