పైన వెచ్చన, కింద చల్లన

నవంబరు దాటిందంటే మా ఇంట్లో రెండు చోట్ల వాతావరణం చూస్తాం. ఒకటి మా పాశమైలారం, అది అత్తమ్మ కోసం. రెండోది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న స్నోక్వాల్మీ పాస్, అది మా పెద్దమ్మాయి కోసం. మొదటిదానికి కిటికీ తీస్తే చాలు. రెండోది అర్థం కావడానికే నాకు రెండు చలికాలాలు పట్టింది.

అమ్మాయి పుల్‌మన్ అనే చిన్న ఊళ్ళో ఎమ్మెస్ చదువుతోంది. మా చెల్లెలు వాళ్ళు సియాటిల్ పక్కన ఉంటారు. సెలవులిచ్చారంటే పిన్ని ఇంటికే పరుగు. మధ్యలో 280 మైళ్ళు, మన లెక్కలో 450 కిలోమీటర్లు. ఆ దారికి అడ్డంగా కాస్కేడ్ పర్వతాలు. వాటిని దాటించే పెద్ద రోడ్డు పేరు ఐ-90, అది కొండెక్కి దిగే చోటే ఈ పాస్. మనం ఘాట్ రోడ్డు అంటామే, అలాంటిదే కాకపోతే ఆరు వరసల హైవే. ఎత్తు 3,022 అడుగులు, అంటే అటూ ఇటుగా మన తిరుమలంత. "తిరుమలంత కొండకు ఇంత హడావుడా?" అని మా ఆయన మొదట్లో నవ్వారు కూడా.

మంచు పడుతుందంటే నాకు అంత భయం లేదు. అక్కడి వాళ్ళకు అది అలవాటే, రోడ్డు మీద మంచు తీసే బండ్లు తిరుగుతూనే ఉంటాయి. నన్ను భయపెట్టింది యాప్‌లో కనిపించే మరో బొమ్మ. మంచు పువ్వు, వాన చుక్క రెండూ ఒకే మబ్బు కింద. 'వింటర్ మిక్స్' అని రాసి ఉంటుంది. ఏమిటీ మిక్స్, మిక్చరు పొట్లంలాగా అన్నీ కొంచెం కొంచెమా అని అమ్మాయినడిగితే, "అంతే అమ్మా, ఏం పడుతుందో వాళ్ళకే సరిగ్గా తెలీదు" అంది. తెలీకపోవడమేమిటి, చలి ఎక్కువైతే మంచు, తక్కువైతే వాన కదా అనుకున్నాను.

ఆ ముడి విడిపోయింది మా డాబా మీదే. అత్తమ్మకు ఉబ్బసం. మా చుట్టూ ఉన్నవి ఫ్యాక్టరీలు, చలికాలం వస్తే ఆమె ఊపిరి వాటి పొగ చేతిలో ఉంటుంది. రోజూ పొద్దున్నే వరండాలోంచి చిమ్నీల వైపు చూసి జాతకం చెప్పేస్తారు. పొగ నిటారుగా పైకి పోతుంటే ఏమీ అనరు. కొంచెం లేచి, అక్కడే పక్కకు పరుచుకుని, పలచటి దుప్పటిలా ఊరి మీద నిలబడిపోయిందనుకోండి, "పొగ నేలకు కూసున్నదే, ఇయ్యాల నాకు దమ్మొస్తది" అంటారు. వస్తుంది కూడా. అలాంటి రోజుల్లో బట్టలు పది దాటితే గాని ఆరేయను, లేకపోతే ఆ వాసన ఉతికినా పోదు.

మబ్బు, గాలి లేని చలికాలపు రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది. దాని పైన ఉన్న గాలి మాత్రం వెచ్చగానే ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాలి, ఇక్కడ తలకిందులు. దీన్నే ఇన్వర్షన్ అంటారు. ఆ వెచ్చటి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది, పొగ దాన్ని దాటి పోలేదు. ఎండ వచ్చి నేల వేడెక్కాకే మూత లేస్తుంది. అందుకే అత్తమ్మను తొమ్మిదిన్నర దాటాకే నడవమన్నారు డాక్టరు.

స్నోక్వాల్మీలో జరిగేదీ ఈ తలకిందుల వ్యవహారమే, మూత మాత్రం ఇంకా పెద్దది. కొండలకు తూర్పున పెద్ద పళ్ళెంలాంటి మైదానం ఉంది, కొలంబియా బేసిన్ అంటారు. చలికాలంలో చల్లగాలి అందులో నిండిపోయి, కొండల మధ్య సందు దొరికిన చోటల్లా పడమటికి పారుతుంది. ఆ సందుల్లో ఒకటి ఈ పాస్. అదే సమయంలో పసిఫిక్ సముద్రం మీంచి తుపాను వస్తే, అది తెచ్చే వెచ్చగాలి ఈ చల్లగాలి మీదికెక్కి పోతుంది. పైన వెచ్చన, కింద చల్లన.

ఇప్పుడు మబ్బులోంచి పడే మంచు పువ్వు ఆ వెచ్చటి పొరలో కరిగి చుక్కవుతుంది. కింద చలి పొర మందంగా ఉంటే నేల చేరేలోపు మళ్ళీ గడ్డకట్టి సగ్గుబియ్యంలా టపటపా రాలుతుంది. అది కొంత నయం. చలి పొర పలచగా ఉంటే గడ్డకట్టేంత వ్యవధి దానికి ఉండదు. సున్నా కన్నా చల్లగా ఉండి కూడా నీళ్ళలాగే పడి, రోడ్డును తాకిన క్షణంలో గాజవుతుంది. ఫ్రీజర్‌లో మరిచిపోయిన నీళ్ళ సీసా ఒక్కోసారి నీళ్ళలాగే కనిపించి, చేత్తో కదిలించగానే గడ్డకట్టేస్తుంది చూశారా, అలా. రోడ్డు తడిగా ఉన్నట్టే ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అంటారు పిల్లలు. అది బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు.

అంటే ఏం పడుతుందో చెప్పాలంటే నేల మీది చలి ఒక్కటీ చాలదు, పైన పొరలు తెలియాలి. అందుకు బెలూన్లు వదులుతారు. ప్రపంచమంతా ఒకే వేళకు, మన టైములో పొద్దున 5.30కి, సాయంత్రం 5.30కి. మన బేగంపేటలోనూ వదులుతారు. నేను పాల ప్యాకెట్లు తెచ్చుకునే వేళకు ఇక్కడో బెలూన్, అమ్మాయి వైపు మరో బెలూన్ ఎగురుతుంటాయని తెలిశాక ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది. కాకపోతే అక్కడ ఒకటి సముద్రం ఒడ్డున క్విలాయూట్‌లో, ఇంకొకటి తూర్పున స్పోకేన్‌లో. పాస్ రెండింటికీ దూరమే. ఇక కంప్యూటర్ లెక్కలంటారా, అమెరికా వాళ్ళ గ్లోబల్ మోడల్‌లో గడికీ గడికీ దాదాపు 13 కిలోమీటర్లు. ముగ్గు వేసే మనకు ఇది ఇట్టే తెలుస్తుంది. చుక్కలు అంత ఎడంగా పెడితే సన్నటి గీతలు రావు. ఆ సందు చుక్కల మధ్య జారిపోతుంది, ఫోన్‌లోని యాప్ 'వాన' అని బొమ్మ పెట్టి ఊరుకుంటుంది.

పోయిన డిసెంబరులో పరీక్షలు అయిపోగానే నలుగురూ ఒక పాత కారులో బయలుదేరారు. అందులో ఒకబ్బాయికి మర్నాడు మధ్యాహ్నం సియాటిల్ నుంచి ఇండియాకు విమానం, చెల్లెలి పెళ్ళి. పాస్‌కు ముందు వచ్చే ఎలెన్స్‌బర్గ్ ఊళ్ళో ఆగి ఫోన్ చేసింది అమ్మాయి. అక్కడ మధ్యాహ్నం రెండు, మాకు తెల్లవారుజాము మూడున్నర. "యాప్‌లో వర్షమే చూపిస్తోంది అమ్మా, పోతే నాలుగున్నరకల్లా పిన్ని ఇంట్లో ఉంటాం."

వెళ్ళొద్దు అనడం ఎంత తేలిక! పదమూడున్నర గంటల వెనక, కంటికి కనిపించని రోడ్డు మీద ఉన్న పిల్లకు నేను హుకుం జారీ చేస్తే ఆమె వింటుందనుకోండి, రేపు నేను నిద్రలో ఉంటే ఎవరినడుగుతుంది? ఒక్కటే అడిగాను. "బిడ్డా, పాస్‌లో గాలి ఎటు నుంచి వస్తోంది?"

రోడ్ల శాఖ వాళ్ళ పేజీ తీసింది. అక్కడ చలి, గాలి, కెమెరా బొమ్మలు అన్నీ ఉంటాయి. గాలి తూర్పు నుంచి. చలి 30 ఫారెన్‌హీట్, అంటే సున్నాకు ఒక డిగ్రీ కింద. వాతావరణ శాఖ మాత్రం పైన ఆరు వేల అడుగుల దాకా కరిగేంత వెచ్చదనం ఉందని రాసింది. కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత తనే, "పైన వెచ్చన, కింద చల్లనేనమ్మా" అంది.

గాలి అర్ధరాత్రి దాటాక పడమటికి తిరుగుతుందని రాశారట. తిరిగితే చల్లగాలి ధార తెగి, పాస్ ఒక్కసారిగా వెచ్చబడి, మామూలు వానవుతుంది. తిరగకపోతే ఆ అబ్బాయి విమానం పోయినట్టే. వాళ్ళ మామయ్య ఫోన్‌లో గట్టిగానే అరిచారట, పెళ్ళి ముందు వాన చూసి ఆగుతారా అని. ఆయన్నీ అనలేం. నలుగురూ మాట్లాడుకుని అక్కడే మోటెల్‌లో రెండు గదులు తీసుకున్నారు. నాకు మళ్ళీ నిద్ర పట్టలేదు. లేచి పిండి రుబ్బుకున్నాను.

అక్కడి తెల్లవారుజాము నాలుగింటికి గాలి తిరిగింది. ఆరింటికి 36 డిగ్రీలు, మామూలు వాన. ఏడింటికి బయలుదేరి తొమ్మిదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో దింపేశారు ఆ అబ్బాయిని. ముందు రోజు సాయంత్రమే వాళ్ళ సీనియర్లు రెండు కార్లలో పాస్ దాటారు. మెల్లగా పోయారట, క్షేమంగానే చేరారు. అనవసరంగా మోటెల్‌కు డబ్బు పోసారని వీళ్ళను ఇప్పటికీ ఆట పట్టిస్తున్నారు. వీళ్ళ కారు కూడా అలాగే దాటేదో, పక్కకు జారేదో ఎవరం చెప్పలేం.

అత్తమ్మకు ఇదంతా చెప్తే, "ఆడ పొగ లేదా మరి, గాలి ఎటు పోతుందో చూడనీకె?" అన్నారు. మంచి ప్రశ్నే అనిపించింది నాకు.

ఈ గురువారం అమ్మాయికి సియాటిల్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది, ఈసారి ఒక్కతే నడుపుకుంటూ పోవాలి. శనివారం నుంచీ యాప్‌లో అదే రెండు బొమ్మల మబ్బు. ఇవాళ పొద్దుటి దాకా పాస్‌లో తూర్పు గాలే. బుధవారం పొద్దున్న, అంటే వాళ్ళకు మంగళవారం సాయంత్రం, బెలూన్ లెక్కలు వచ్చాక తనే చూసుకుని, ఒక రోజు ముందే బయలుదేరాలో లేదో చెప్తానంది.