కేదార్‌నాథ్‌లో గుడి వెనక్కి నడిస్తే...

గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి దాదాపు 16 కిలోమీటర్లు ఎక్కాలి. పైకి చేరాక ఎవరైనా చేసేది ఒకటే. దర్శనం, సెల్ఫీ, ఓ రీల్. నేనూ అంతే. మర్నాడు పొద్దున మాత్రం గుడి వెనక్కి, చోరాబారీ వైపు నడిచా.

దారిలోనే ఒకటి గమనించా. కింద మందాకిని లోయ ఇరుకు, గరాటులా ఉంటుంది. పైకొచ్చేసరికి లోయ తొట్టిలా వెడల్పైపోతుంది, అడుగు దాదాపు చదును. నది ఒక గీత గీసినట్టు కోస్తుంది. హిమానీనదం అలా కాదు, లోయంతా నిండి అడుగునీ రెండు పక్కల్నీ కలిపి గీకేస్తుంది. ఏళ్లకేళ్లు పడ్డ మంచు అణిగి గట్టి ఐసవుతుంది. మందం పెరిగాక తన బరువుకే మెల్లగా కిందికి కదులుతుంది. ఉత్త ఐసు కొండనేం చేస్తుంది అనుకోకండి. అడుగున ఇరుక్కున్న రాళ్లు ఉప్పు కాగితంలా పనిచేస్తాయి.

ఆ గీకిన రాళ్లూ పిండీ ఎటు పోతాయి? పక్కల గట్లుగా పేరుకుంటాయి. వీటినే మొరైన్లంటారు. ఐసు కరిగి వెనక్కి పోయినా గట్టు మిగులుతుంది. చూడ్డానికి కొండే, తొక్కితే జారే గులకరాళ్లు. నా బూటు రెండుసార్లు దిగబడింది.

చోరాబారీ సరస్సుని ఆపి ఉంచింది అలాంటి గట్టే. 1948లో గాంధీజీ చితాభస్మం కొంత కలిపారని దాన్నే గాంధీ సరోవర్ అంటారు. 2013 జూన్‌లో ఎడతెగని వానలకి మంచు కరిగిన నీరు తోడై, 17వ తేదీ పొద్దున గట్టు తెగింది. నీళ్లు నిమిషాల్లో ఖాళీ. రాళ్లూ బురదా కలిసి ఊరి మీద పడ్డాయి. ఆ వరదల్లో ఉత్తరాఖండ్‌లో వేలమంది పోయారు. దారిలోని రాంబాడా అనే మజిలీ తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు కాలిబాట అక్కడ వంతెన దాటి అవతలి ఒడ్డుకి మారుతుంది.

గండి దగ్గర నిలబడితే ఊరు కింద బొమ్మలా కనిపిస్తుంది. నాకు ఒళ్లు జలదరించింది వరద గురించి కాదు. ఆ ఊరు నిలబడ్డది కూడా హిమానీనదం వదిలేసిన రాళ్ల కుప్ప మీదే. ఇప్పుడు గుడి వెనక రక్షణ గోడలున్నాయి, కొత్త కట్టడాలూ లేచాయి. గోడలు మంచిదే. కానీ ఇంత వదులు నేల మీద ఇన్ని గదులు అవసరమా అనిపించింది. ఆ గదుల్లో ఒకదాంట్లోనే రాత్రి పడుకున్నా, అదీ నిజమే.

దిగొచ్చి గుడి వెనకున్న పెద్ద బండ ఫోటో తీశా. వరదతో దొర్లుకొచ్చి అక్కడ ఆగి, ప్రవాహాన్ని గుడికి రెండు పక్కలకీ చీల్చింది అదే. భీమ్ శిల అంటున్నారు. ఫోటో మా పెద్దమ్మకి వాట్సాప్ చేశా. ఆవిడ 2013 మేలో యాత్రకెళ్లి వచ్చింది.

వెంటనే ఫోన్ చేసింది. "ఈ బండ మేం వెళ్లినప్పుడు లేదురా. రాంబాడాలో మేం టీ తాగిన కొట్టు ఉందా?"