పెరిగే పట్టిక, ఆగిపోయే గీత

యంత్రం ఆరోగ్యాన్ని అంకెలకంటె గీత త్వరగా చెప్పగలదన్నది మా వృత్తి మాకు నేర్పిన పాఠం. మేము ఉద్యోగంలో చేరిన 1990లలో పంపు బేరింగుల కంపనాలను గ్రాఫు కాగితంపై పెన్సిలుతో గుర్తించేవారము. ఆనాటి చుక్క పెట్టనిదే గీత సాగేది కాదు. రీడింగు తీయని రోజు ఖాళీగా కళ్ళెదుటే నిలిచేది.

ఎక్సెల్ వచ్చిన పిమ్మట ఆ శ్రమ తప్పినది. కాని 30 వరుసలు చూపి గీయించిన చార్టు 31వ వరుసను ఎరుగదు. చూచుటకు నిండుగా, చక్కగానే ఉంటుంది. బేరింగులో కంపనం పెరుగుతున్నను, గీత మాత్రం గత మాసపు ప్రశాంతతనే చూపుతుంది. ప్రమాదమంతా అందులోనే ఉన్నది.

దీనికి విరుగుడుగా మా విభాగంలో ఆఫ్‌సెట్, కౌంట్‌ఏ ఫార్ములాలతో రేంజిని కట్టి, దానికొక పేరు పెట్టి చార్టుకు ఇచ్చేవారము. నడుమ ఒక్క గడి ఖాళీగా ఉన్నచో లెక్క ఒకటి తగ్గి, అతి ముఖ్యమైన చివరి రీడింగే జారిపోయేది. ఎక్సెల్ 2007లో వచ్చిన ‘టేబుల్’ సదుపాయం ఈ చిక్కును తీర్చినది. శీర్షికలతో సహా గడులను ఎంచి, కంట్రోల్ కీతో ‘టి’ నొక్కి, ఆ టేబుల్ నుండి చార్టు గీస్తే చాలును. దాని క్రిందనే కొత్త వరుస చేర్చగానే టేబులూ, గీతా కలిసి పెరుగుతాయి.

అయినను యువ సహోద్యోగులకు మా మనవి ఒకటి కలదు. ఏ చార్టు చూచినను ముందుగా చివరి చుక్క తేదీని చూడండి. గీత తనంత తాను పెరగవచ్చును. యంత్రం వద్దకు వెళ్ళి రీడింగు తీయవలసినది మనమే.