భుజం కీలు తొలగితే ఆట ముగిసినట్టేనా?

2022 మే 19న ఇస్తాంబుల్‌లో జరిగిన మహిళల ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్‌షిప్ 52 కిలోల ఫైనల్లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ థాయ్‌లాండ్ క్రీడాకారిణి జిత్‌పోంగ్ జుటామస్‌పై 5–0తో విజయం సాధించింది. కొత్తచెరువులో మా ఇంట టీవీ ముందు కూర్చున్న నాకు ఆనందంతోపాటు నా పాత తప్పు ఒకటి జ్ఞప్తికి వచ్చింది.

చాలా ఏళ్ల క్రితం ఒక వేరుశనగ రైతు తన కూతురిని నా వద్దకు తీసుకువచ్చాడు. కబడ్డీలో పడి ఆమె భుజం కీలు తొలగింది. అప్పటికే ఊళ్లో ఎవరో రెండుసార్లు చేయి పట్టి లాగారు. ఎక్స్‌రే తీయించి, మత్తు ఇచ్చి కీలును సరిచేశాను.

"సార్, పాప మళ్లీ ఆడచ్చునా?" అని అడిగాడు తండ్రి.

"ఆడపిల్లకు ఇంక ఆటలెందుకప్పా, బాగా చదివించుకో" అన్నాను.

ఆ పిల్ల తల దించుకుంది. ఆమె మళ్లీ ఆడలేదని తరువాత ఆ రైతే చెప్పాడు.

నిఖత్‌ది కూడా ఇటువంటి గాయమే. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేతగా నిలిచిన ఆమెకు 2017లో పోటీలో భుజం కీలు తొలగింది. శస్త్రచికిత్స అవసరమైంది, సుమారు ఏడాదిపాటు బరికి దూరమైంది. 2019లో సోఫియాలోని స్ట్రాంజా పోటీల్లో స్వర్ణం గెలిచింది. ఇస్తాంబుల్ తరువాత 2022లోనే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో, 2023లో ఢిల్లీ ప్రపంచ పోటీల్లో స్వర్ణాలు సాధించింది. ఆడపిల్లకు బాక్సింగ్ ఎందుకని నలుగురూ అన్నా తండ్రి జమీల్ అహ్మద్ వెనుకాడలేదు. ఇక్కడ ఆ నలుగురిలో ఒకడిని నేనే.

భుజం కీలులో బంతి పెద్దది, గిన్నె లోతు తక్కువ. అందుకే చేయి అన్ని వైపులా తిరుగుతుంది. అందుకే సులభంగా తొలగుతుంది కూడా. చిన్న వయసులో ఒకసారి తొలగితే మళ్లీ తొలగే అవకాశం ఎక్కువ. నా భయానికి కారణం అదే. అయితే భుజం చుట్టూ ఉన్న కండరాలను బలపరిచే వ్యాయామాలు, అవసరమైతే శస్త్రచికిత్స ఉన్నాయని ఆ తండ్రికి నేను చెప్పి ఉండవలసింది.

కనుక పాఠకులకు నా మనవి. భుజం తొలగితే ఎవరినీ లాగనివ్వకండి. నరాలు, రక్తనాళాలు దెబ్బతినవచ్చు, ఎముక విరగవచ్చు. చేతిని కదలకుండా గుడ్డతో మెడకు కట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కీలు సరిచేశాక వైద్యుడు చెప్పినన్నాళ్లు విశ్రాంతి, ఆపైన ఫిజియోథెరపీ తప్పనిసరి. నొప్పి తగ్గిందని వ్యాయామం మానవద్దు.

ఆటకు ఎప్పుడు తిరిగి వెళ్లవచ్చో వైద్యుణ్ణి అడగండి. నాలా "ఇంకెందుకు" అనే వైద్యుడు తటస్థపడితే మరొకరిని అడగండి.