101కి ఫోన్ చేస్తే కేసు పెట్టరు

కొంచెం పెద్ద పోస్టే. పోడు కాల్చే రోజులు కాబట్టి ఓపిక చేసుకుని చదవండి.

మొన్న అగ్నిమాపక వారోత్సవాలకి ఫైర్ వాళ్లు మా హాస్టల్‌కి వచ్చారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరుపుతారు. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఓడ పేలిపోయి, మంటలార్పడానికి వెళ్లిన సిబ్బందే అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ల గుర్తుగా ఈ వారం. సిలిండర్ పిన్ను ఎలా లాగాలి, మంట పైన కాకుండా మొదట్లో ఎందుకు కొట్టాలి, అన్నీ చేసి చూపించారు. అయిపోయాక మాది పాడేరు వైపు అని చెప్తే, ఇంతకుముందు ఏజెన్సీలో పనిచేసిన ఒకాయన అన్నారు: "మీ కొండల మీద నుంచి మాకు ఫోన్లే రావమ్మా. అంతా కాలిపోయాక తెలుస్తుంది."

ఎందుకు రావో ఆయనకి తెలీదు, నాకు తెలుసు. పోయిన ఏడాది ఏప్రిల్ ఆఖర్లో మా ఊరి పైన ఎవరిదో పోడు మంట గాలికి తిరిగింది. సిల్వర్ ఓక్ ఆకులు ఎండి మోకాలి లోతు ఉన్నాయి, ఇంకేం, మా మావ కాఫీ తోటలోకి పాకేసింది. కాఫీ మొక్క కాపుకి రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. మిరియాల తీగలతో సహా సగం తోట పోయింది. అక్కడి నుంచి దిగి ఊరి చివర రెండు గడ్డి ఇళ్లకి అంటుకుంది. మనుషులకి ఏం కాలేదు. ఆడోళ్లు, మగోళ్లు అందరం పచ్చి కొమ్మలతో కొట్టాం, ఊట నుంచి బిందెలతో మోశాం. అంతసేపట్లో ఒక్కరు కూడా 101కి ఫోన్ చేద్దామనలేదు. కాదు, ఒక తమ్ముడు అన్నాడు. పెద్దోళ్లు ఆపేశారు. "యూనిఫాం వాళ్లని మనమే పిలుచుకుంటామా? కేసు రాసేస్తారు" అని.

ఆ భయం ఊరికే పుట్టలేదు, పోడు కేసులకి తిరిగిన ఇళ్లు మనందరికీ తెలుసు. కానీ ఫైర్ డిపార్ట్‌మెంట్ వేరు, ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ వేరు. ఖాకీ చూసి రెండూ ఒకటే అనుకుంటున్నాం. ఫైర్ వాళ్ల పని మంట ఆర్పడం, మనుషుల్ని పశువుల్ని కాపాడటం. బావిలో పడ్డా, వరదలో చిక్కుకున్నా వాళ్లే వస్తారు. ఆర్పినందుకు డబ్బులు అడగరు. ఇంకొకటి, అగ్నిప్రమాదం కూడా ప్రభుత్వం సాయం ఇచ్చే విపత్తుల జాబితాలో ఉంది. ఇల్లు కాలిందని తహసీల్దార్ ఆఫీసుకి వెళ్తే ఫైర్ వాళ్ల రిపోర్టు మన చేతిలో ఒక ఆధారం. ఆ రెండిళ్ల వాళ్లకి అది లేక ఎన్నిసార్లు తిరిగారో నేను చూశాను.

ఫోన్ చేయకపోతే ఎవరికీ తెలీదనుకోవడం కూడా ఉత్తదే. డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటల్ని చూస్తుంది. అందులో ఒక సెన్సార్ 375 మీటర్ల గడి చొప్పున చూస్తుంది. ఎక్కడ వేడి కనబడితే అక్కడి ఫారెస్ట్ సిబ్బందికి మెసేజ్ వెళ్తుంది. అంటే మన కొండ మీద మంట సంగతి డెహ్రాడూన్‌కి తెలుస్తుంది, పాడేరు ఫైర్ స్టేషన్‌కి తెలీదు! ఆ మెసేజ్‌లు కావాలంటే మనం కూడా పేరు నమోదు చేసుకోవచ్చు.

బండి ఎప్పటికి వస్తుందని అడుగుతారు. నిజమే, మా ఊరికి ఘాట్ రోడ్డు, ఆఖర్న నాలుగు కిలోమీటర్లు మట్టి. మొదటి గంట మనమే చూసుకోవాలి. అందుకే ఆలస్యం చేయకుండా ముందే చేయాలి. 101, లేదంటే 112. ఊరు, పంచాయతీ, మండలం, ఏం కాలుతోంది, లోపల ఎవరైనా ఉన్నారా, పెద్ద బండి ఎక్కడిదాకా ఎక్కుతుంది, దగ్గర్లో గెడ్డ గానీ చెరువు గానీ ఉందా, ఇవి చెప్పాలి. వాళ్లు పెట్టేదాకా మనం ఫోన్ పెట్టకూడదు. బండిలో ఉండే నీళ్లు నాలుగైదు వేల లీటర్లే, తర్వాత మన గెడ్డే దిక్కు. తారురోడ్డు మలుపు దగ్గర ఒకర్ని నిలబెట్టాలి. మా ఊళ్లో సిగ్నల్ చింతచెట్టు దిబ్బ మీదే వస్తుంది కాబట్టి, మంట కనబడగానే దిబ్బకి పరిగెత్తేది ఎవరో కూడా ముందే అనుకోవాలి.

ఇక కాల్చడం గురించి. రిజర్వు ఫారెస్ట్‌లో నిప్పు పెట్టడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. 2006 అటవీ హక్కుల చట్టం పట్టా ఉన్న భూమిలో సాగు మన హక్కు, ఎవరూ కాదనలేరు. మంట మన హద్దు దాటితే మాత్రం ఆ హక్కు అడ్డం రాదు. అదే చట్టం అడవిని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. ఎవరు ఏ రోజు కాలుస్తారో గ్రామసభలోనే అనుకుని, పక్క తోటల వాళ్లకి చెప్తే సగం గొడవ ఉండదు.

మా తాత కాలంలో చుట్టూ చెత్త గీకి, మట్టి కనబడేలా బాట తీసి, కొండ పై అంచు నుంచి కిందికి కాల్చుకుంటూ వచ్చేవాళ్లంట. ఫైర్ వాళ్లు చెప్పిందీ అచ్చం అదే. కింద అంటిస్తే మంట పైనున్న గడ్డిని ముందే వేడెక్కించి పరిగెత్తుతుంది. పై నుంచైతే మెల్లగా దిగుతుంది. గాలి లేనప్పుడు కాల్చాలి, మిట్టమధ్యాహ్నం అసలు వద్దు. ఆరిందనుకున్న దుంగని నీళ్లు పోసి, తిరగేసి, మళ్లీ పోయాలి. మా మావ తోట కాలింది ముందురోజు వదిలేసిన దుంగతోనే అని అందరూ అంటారు. ఇప్పప్పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు ఊడ్చుకుంటే సరిపోతుంది, పాత చీరలు పరిచినా పువ్వు శుభ్రంగా ఉంటుంది.

అన్ని మంటలూ మనమే పెడతామని రాసేవాళ్లు ఒకసారి వంజంగి, లంబసింగి వెళ్లి రాత్రి టెంట్ల ముందు క్యాంప్ ఫైర్లు కూడా చూడాలి. పొద్దున్నే సూర్యోదయం ఫొటో తీసుకుని బూడిద అలాగే వదిలి దిగిపోతారు. అక్కడ టెంట్లు వేసి సంపాదించేది మన కుర్రాళ్లే కదా, ఒక బకెట్ నీళ్లు పెట్టించండి తమ్ముళ్లూ.

కాలిన ఇళ్లలో ఒకదాంట్లో నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి ఉంది. పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్, వాళ్ల నాన్న పట్టా కాగితం ఒకే ట్రంకు పెట్టెలో ఉండేవి. రేకు పెట్టె కాలదనుకున్నారు. లోపల కాగితాలు నల్లగా అయిపోయాయి. మెమో డూప్లికేట్ వచ్చేసరికి అడ్మిషన్ల మొదటి విడత దాటిపోయింది. ఇప్పుడు చదువుతోంది, ఏడాది ఆలస్యంగా. ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మా వీధిలో అందరి కాగితాలూ ఫొటో తీసి వాళ్లకే మెయిల్ చేసిపెట్టి, డిజీలాకర్‌లో వచ్చేవి అందులో పెడదామనుకుంటున్నా. బడి గోడ మీద 101 రాయడానికి రంగు మావ కొనిస్తానన్నాడు. మీ ఊళ్లలో సిగ్నల్ ఎక్కడ వస్తుందో, బండి ఎంతవరకు ఎక్కుతుందో కింద రాయండి, మండలాల వారీగా ఒక జాబితా చేసి పెడతాను.